అయోడిన్ తిరుపాల్

ధర్మవరం మగ్గాల వీధిలో తిరుపాల్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే, సముద్రపు నాచు. సముద్రాన్ని ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి వచ్చిన కొరియా ఇంజనీర్లకు వంట చేయడానికి పోయి, వాళ్లు తినే నాచుకు దాసోహమన్నాడు. అప్పటినుంచి "బాగుండావా?" అనడం మానేసి, "అయోడిన్ తింటాండావా?" అని పలకరించేవాడు.

తలనొప్పి అన్నా, పిల్లకు లెక్కలు రావడం లేదన్నా మందు అదే. "దాంట్లో ఏమేముండాయో తెల్సునా? అయోడిన్, క్యాల్షియం, మెగ్నీషియం, ఇనుము! ఖనిజాలన్నీ పోయి నీళ్లలో కూచోనుండాయబ్బా!"

లక్ష్మన్న ఇంటి గృహప్రవేశానికి వంట ఒప్పుకుని, చెప్పాపెట్టకుండా బొరుగుల ఉగ్గాని మీద నాచు పొడి చల్లాడు. మొదటి ముద్దకే లక్ష్మన్న బావమరిది లేచి నిలబడ్డాడు.

"ఏమబ్బా, ఉగ్గానికి పాచి పట్టిండాది!"

"పాచి గాదప్పా, నాచు!"

"యాడిది? బుక్కపట్నం చెరువులో గీక్కోనొస్తివా?"

వీధంతా నవ్వింది గానీ, పక్కింటి సరోజమ్మకు మాత్రం అతన్ని చూస్తేనే గుండె దడ. ఆమెకు థైరాయిడ్ మరీ జోరుగా పనిచేస్తోందనీ, అయోడిన్ ఎక్కువుండేవి ముట్టొద్దనీ హిందూపురం డాక్టరు చెప్పాడు. మాత్రలతో చేతుల వణుకు తగ్గుతోంది. కానీ సంగతి తెలిస్తే ఆ చేతులకు పట్టుచీర నేసే పని ఎవరిస్తారు? అందుకే ఎవరి కంటా పడకుండా అంత దూరం పోయి చూపించుకుంది.

ఒక ఆదివారం తిరుపాల్ వీధిలో అందరినీ కూచోబెట్టి నాచు ఉగ్గాని వడ్డించాడు. సరోజమ్మకు పనిచ్చే కుమారస్వామి వచ్చి సరిగ్గా ఆమె పక్కనే చతికిలబడ్డాడు. తింటే జబ్బు ముదురుతుంది, వద్దంటే ఎందుకని అడుగుతాడు. పాపం, ఆమె ప్లేటు వంక చూస్తూ బిగుసుకుపోయింది.

"తినక్కా!" అన్నాడు తిరుపాల్.

"కడుపులో బాగలేదబ్బా."

"ఆ మాటంటే నేనూరుకుంటానా?" అని వంగి, ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "నీ ప్లేట్లో నాచు లేదక్కా, నల్లనువ్వుల పొడి. హిందూపురం మందుల షాపులో నీ ఎనకాలే నిలబడింటి. షాపాయప్ప నీకు చెప్పిందంతా ఇనబడింది. ఎవురికీ చెప్పల్యా."

సరోజమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఇంత మంచోణ్ణా నేను చూసి పారిపోయింది అనుకుంది.

కుమారస్వామి తన ప్లేట్లో నాచు పొడిని వేలితో పక్కకు తోస్తూ అడిగాడు. "ఎట్లుండాదమ్మా?"

"శానా బాగుండాదప్పా! ఒంటికి యాడలేని సత్తువ! నువ్వూ తిను!" అంటూ ఆమె నువ్వుల ఉగ్గాని గబగబా లాగించింది.

ఆడమనిషి తింటుంటే తాను వెనక్కి తగ్గడం బాగుండదని కుమారస్వామి కళ్లు గట్టిగా మూసుకుని మింగాడు. తిరుపాల్ ఆనందం పట్టలేక ఆయనకు ఇంకో గరిటె వేశాడు.