ఎనిమిది చరణాల పాట

మా మేనత్త కొడుకు, నాకు బావ, టీవీలో ఒక పాటల కార్యక్రమానికి ఎంపికయ్యాడు. ఆ కార్యక్రమం వాళ్లు ఐదుగురిని కలిపి ఒక బృందంగా చేశారు. ఆ బృందం వారం వారం తెర మీద పాడింది, చివరికి హైదరాబాద్‌లో ఆరు పాటల పాప్ ఆల్బమ్ రికార్డు చేసింది. ఖమ్మంలో జరిగిన ఎంపికకు మేమిద్దరం ఒకే బస్సులో వెళ్లాం. నన్ను రెండో రౌండులో పంపించేశారు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. టేకులపల్లి చుట్టుపక్కల సెల్ టవర్ల పని చూస్తాను. ఏదైనా కొలిచి చూడటం నా అలవాటు కాబట్టి, శ్రుతి చూపించే యాప్ పెట్టి ఇద్దరి గొంతులూ కొలిచాను. పై స్థాయిలో బావ గొంతు కొంచెం కిందికి జారుతుంది, నాది జారదు. తాళం నాదే గట్టి. పాటలూ నాకే ఎక్కువ వచ్చు. ఇవి వరుసగా కాగితం మీద రాశాను. నాలుగోదిగా "నవ్వు" అని రాసి, బావ వైపు టిక్కు పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎంపిక చేసినవాళ్లు చూసింది ఆ నాలుగోదాన్నే అని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

శనివారం సాయంత్రం మా వరుసలోని ఇళ్లవాళ్లందరూ అత్త ఇంట్లో చేరేవారు. బొమ్మ సరిగా రాకపోతే డిష్ తిప్పేది నేనే.

"అల్లుడా, మీ బావ మొఖం మీద చుక్కలు పడుతున్నయ్, జర చూడు" అని లోపలి నుంచి అత్త కేక వేసేది.

నేను గోడ ఎక్కి, బావ ముఖం శుభ్రంగా కనబడే దాకా సరిచేసి, దిగివచ్చేసరికి పాట అయిపోయేది.

ఆల్బమ్‌లో నాలుగో పాట మా అత్తది. ఎండాకాలం తునికాకు కట్టలు కట్టేటప్పుడు ఆమె పాడుకునేది. బీడీలు చుట్టే ఆకు అది. కట్టకు యాభై ఆకులు ఉండాలి. అత్త వేళ్ల మీద లెక్కపెట్టదు, పాడుతుంది. చరణానికి ఐదు తాళం దెబ్బలు, దెబ్బకు ఒక ఆకు. పది చరణాలు. కుందేలుకొకటి, నెమలికొకటి, ఇలా చరణానికొక జంతువు. పాట ఆగిన చోట నారతో ముడి. ఆమె పక్కన కూర్చునే మరో ముగ్గురు ఆడవాళ్ల చేతులకూ ఆ పాటే అలవాటు. సెలవుల్లో బావ క్రికెట్‌కు పోతే, నేను అత్త పక్కన కూర్చుని కట్టలు కట్టాను. పది చరణాలూ వచ్చింది నాకు. వాళ్లమ్మ పాటే అయినా, బావకు అంతా రాదు.

రికార్డింగు అయ్యాక బావ ఆ పాట నాకు పంపాడు. వెంట మాట కూడా పంపాడు: "బామ్మర్ది, అమ్మ పాట పెడుతున్నం. ఏమన్నా తప్పుంటే ఇప్పుడే చెప్పు, రేపు ఫైనల్ చేస్తరు."

టవర్ కింద కూర్చుని రెండుసార్లు విన్నాను. గిటారు బాగుంది. కోరస్ బాగుంది. ఉడుము చరణం లేదు, ముళ్లపంది చరణం లేదు. ఎనిమిది ఐదులు నలభై. బొటనవేలు బొమ్మ ఒకటి పంపి, ఫోను జేబులో వేసుకున్నాను.

ఆకు కోత మొదలయ్యేసరికి ఆల్బమ్ వచ్చింది. ఒకరోజు అత్త స్పీకర్ పట్టుకు రమ్మంది. పొద్దున కోసిన ఆకు చెట్టు నీడన కుప్ప పోసి, నలుగురూ కూర్చున్నారు. నాలుగో పాటను మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టాను.

"నీ కొడుకు పాడుతుంటే ఆకు గూడ మెత్తగైతుంది వదినా" అని ఒకామె అంది.

"ఇయ్యాల కట్టలు జల్దీ అయితున్నయ్" అంది అత్త. ఆమె చూపు చేతుల మీద లేదు, స్పీకర్ మీద ఉంది.

ఎందుకు త్వరగా అవుతున్నాయో మూడో కట్టకే నాకు అర్థమైంది. చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పలేదు.

మధ్యాహ్నం కట్టలు కల్లానికి మోశాం. కల్లం అంటే ఆకు అప్పగించే చోటు. అక్కడి కల్లేదారు ఒక కట్ట అరచేతిలో పెట్టుకుని పిండి చూశాడు. విప్పి లెక్కపెట్టాడు. ఇంకోటి విప్పాడు. ఐదు విప్పాడు.

"ఏందక్కా గిది? తప్పు పోతే ఒకదాంట్ల తక్కువుంటది, ఒకదాంట్ల ఎక్కువుంటది. అన్నీ నలభయ్యే. కావాలని కట్టినట్టే ఉన్నది."

అత్త కట్ట ఒక్కసారి కూడా వెనక్కి రాలేదని ఆ కల్లంలో అందరికీ తెలుసు. వరుసలో ఉన్నవాళ్లు తొంగిచూశారు. అత్త ఆకులు తన చేతిలోకి తీసుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. నలభై దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"పాటల రెండు చరణాలు లేవు" అన్నాను.

కల్లేదారు నవ్వాడు. "పాటేందయ్యా?"

నేను కింద కూర్చుని, ఆకులు ముందు పెట్టుకుని, పది చరణాలూ పాడుతూ పేర్చాను. "ఉడుమమ్మా ఉడుమమ్మా రాయి దిగి రావమ్మా" దగ్గర అత్త ముఖం చూశాను. శ్రుతి ఎక్కడా జారలేదు. కల్లేదారు లెక్కపెట్టుకుని, యాభై ఉన్నాయని తలూపాడు. "సరే అక్కా, విప్పి మళ్ల కట్టుకరా, తీసుకుంట" అన్నాడు.

దారిలో అత్త అడిగింది. "నీకెప్పుడు తెల్సింది?"

"పాట బయటికి రాకముందే. బావ నాకు పంపిండు."

"పంపి అడిగిండా?"

"అవ్."

ఆమె నెత్తి మీది మూట సర్దుకుంది. "మావోడు మర్చిపోయిండు, గంతే. నువ్వు మర్వకనే గిట్ల చేసినవ్."

చెట్టు కింద కట్టలన్నీ విప్పారు. ఎవరూ నన్ను తిట్టలేదు. సాయంత్రంలోగా అన్నీ మళ్లీ కట్టాలి. ఇక అత్తే పాడుతుందనుకున్నాను. లేకపోతే, కల్లంలో విన్నారు కదా, నన్ను పాడమంటారనుకున్నాను. ఆ చరణాలు గొంతులో సిద్ధంగా ఉన్నాయి.

"స్పీకర్ పెట్టు" అంది అత్త.

పెట్టాను. బావ ఎనిమిది చరణాలు పాడాడు. తర్వాత గిటారు మోగే ఖాళీలో అత్త ఉడుమునూ ముళ్లపందినీ తానే పాడి, ముడి వేసింది. రెండో కట్టకు మిగతా ముగ్గురూ గొంతు కలిపారు. కొడుకు గొంతు మొదలవగానే తన గొంతు ఆపి వినేది. నేను నార చీలుస్తూ కూర్చున్నాను.