పండుగప్పకు మంచినీళ్ళు

మా ఆయన చేపను పెంచుతానంటే నాకు ఒళ్ళు మండింది. కవిటి దగ్గర ఊరు మాది. ఆయన కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. నలభై ఏళ్ళకే కిడ్నీలు పోయి, మంచం దిగడానికే ఆయాసపడుతున్నాడు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఇప్పుడు చేపట! తా దూర కంత లేదు, మెడకో డోలు.

ఏరు సముద్రంలో కలిసేచోట వల వేసే స్నేహితుడు ఒకతను, జానెడు పండుగప్ప పిల్లను బకెట్లో ప్రాణాలతో తెచ్చిచ్చాడు, పులుసు పెట్టుకోమని. ఆయన నన్ను కత్తిపీట ముట్టనివ్వలేదు. మూతపడిన రంగుచేపల షాపువాళ్ళ అద్దాల తొట్టి ఒకటి అడిగి తెప్పించాడు. ముందు ఏటి నీళ్ళే పోసి, రోజుకు కాసిన్ని తీసి బోరు నీళ్ళు కలుపుతూ అలవాటు చేశాడు. గుప్పెడు కల్లుప్పు కూడా వేసేవాడు.

"నీకు లేని ఉప్పు దానికా మావా?" అన్నాను.

"అదైనా తిననీయే," అన్నాడు.

ఆయనకు డాక్టరు ఉప్పు మాన్పించాడు. నీళ్ళు కూడా కొలిచి తాగాల్సిందే. ఎండాకాలం గొంతు పిడచగట్టి, మంచుముక్క చప్పరిస్తూ తొట్టి ముందు కూర్చునేవాడు. చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అయితే ఒకటి నిజం. అంతకుముందు డయాలసిస్ అంటే పసిపిల్లాడిలా మొరాయించేవాడు. ఒకసారి మానేసి, ఊపిరాడక చావు దాకా వెళ్ళొచ్చాడు. చేప వచ్చాక నాకంటే ముందు ఆటో ఎక్కేవాడు, వచ్చేటప్పుడు పలాస బజార్లో దానికి రొయ్యలు కొనేవాడు. చచ్చిన రొయ్యను అది ముట్టేది కాదు. దారం కట్టి నీళ్ళలో ఆడించి, బతికున్నదని నమ్మించాడు. అది గుటుక్కున మింగితే ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆ రోజు నుంచీ ఆ చేపంటే నాకూ ప్రాణమే.

మా ఉద్దానం ఊళ్ళలో ఎందరికో ఈ కిడ్నీ జబ్బే, అందుకే బోరు నీళ్ళంటే భయం. జబ్బు వాటివల్లేనని కొందరు, కాదని కొందరు. నేను అన్నం కూడా క్యాన్ నీళ్ళతోనే వండుతాను. మంచినీళ్ళంటే మాకు అవే.

ఒకరోజు నాకు ఒంట్లో నలతగా ఉండి, డయాలసిస్‌కు ఆయన్ని ఒక్కడినే పంపాను. చూస్తే తొట్టి నీళ్ళు మసకబారి ఉన్నాయి, చేప అడుగున నీరసంగా పడి ఉంది. నా మొగుణ్ణి తిన్న నీళ్ళు దీన్నీ తింటాయనుకున్నాను. తొట్టంతా ఖాళీ చేసి, అద్దాలు తోమి, ఐదు క్యాన్లు పోశాను. ఉప్పు వేయలేదు. ఉప్పు కూడా మా ఇంటికి శత్రువే కదా.

కాసేపటికి చేప అద్దాలకేసి కొట్టుకోవడం మొదలెట్టింది. ఆయన వచ్చేసరికి పక్కకు ఒరిగిపోయింది.

"ఏటి పోసినావే?"

"మంచినీళ్ళే మావా."

రొయ్యల పొట్లం కింద పడేసి, నీళ్ళలో చెయ్యి పెట్టి దాన్ని నిటారుగా పట్టుకున్నాడు. ఆ చేతిలోనే పోయింది. దానికి ఒక్కసారిగా నీళ్ళు మార్చకూడదట, ఏ సారమూ లేని క్యాన్ నీళ్ళైతే అసలే పడవట. తర్వాత ఆ స్నేహితుడు చెప్పాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ డయాలసిస్ రోజు ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి పట్టి లాగాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను.

"లెగు మావా. నా మీద కోపం నీ పేణం మీద సూపించకు."

"నీ మీద కోపమేటే? నువ్వు మంచికే సేసినావు," అన్నాడు, ఇటు తిరగకుండానే. "ఆ మిషను కాడోళ్ళూ నా నెత్తురు కడిగి మంచికే సేత్తన్నారు."

పట్టుకున్న కాళ్ళు వదిలేశాను. గుమ్మంలోకి వచ్చి, వెళ్ళిపొమ్మని ఆటో అతనికి నేనే చెయ్యి ఊపాను.