పర్మిషన్ అడగని డాక్టరమ్మగారు

డాక్టరమ్మగారు పోయారన్న కబురు మార్చిలో ఒక పొద్దున వచ్చింది. నేను ఇడ్లీ పిండి డబ్బాలు వ్యానులోకి ఎక్కిస్తున్నాను. టొరంటో నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఓదార్చాల్సింది పోయి, "ఇక్కడ రాత్రినుంచీ మంచు పడుతోందమ్మా, దారి పూడిపోయి ఉంటుంది" అన్నాను. ఆ పిల్ల, "ఐ నో. షీ వుడ్ హావ్ ఆస్క్‌డ్ దట్ ఫస్ట్" అంది.

మన తెలుగు అసోసియేషన్ పత్రికలో ఆవిడ గురించి నన్ను రాయమన్నారు. చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉండగా నేనెందుకంటే, ఆవిడతో నడిచినవాణ్ణి నేనే కాబట్టి అన్నారు. ఇంటర్‌లో ఫిజిక్స్ నన్ను పట్టుకుని వదలకపోతే నేనే దాన్ని వదిలేసి వచ్చినవాణ్ణి. మా ఆవిడకి ఇక్కడ స్థిరపడే అనుమతి, అదే పీఆర్, వస్తే దాని వెనకాల సామాన్లతో పాటు ఈ దేశంలో దిగినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకోండి, ఎకసెక్కాలు మాత్రం తీసెయ్యకండి.

ఏ దారో ముందు చెప్తాను. మా పేట కెనడాలో ఈ సస్కటూన్ ఊరికి చిట్టచివర. మా వీధి అయిపోతే ఊరు అయిపోయినట్టే, ఇక అన్నీ పొలాలు. స్టూడెంట్లు వరదలా వచ్చిపడిన ఆ ఏళ్ళలో మా పేటలో తెలుగు వినపడని బేస్‌మెంట్ లేదు. ఖమ్మం, కడప, కాకినాడ యాసలన్నీ ఒకే వంటింట్లో ఒకే కుక్కర్ కోసం కొట్టుకునేవి. కాలేజీకి వెళ్ళే బస్సు పొలానికి అవతల ఆగుతుంది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే హైవే అంచున నడవాలి. అక్కడ మనుషులు నడవడానికి ఏమీ లేదు, ధాన్యం లారీలు మాత్రం దండిగా ఉన్నాయి. ఒక కుర్రాడు లారీ తగిలి కాదు, లారీ విసిరిన గాలికే లాప్‌టాప్‌తో సహా గోతిలో పడ్డాడు. అందుకని పిల్లలందరూ పొలానికి అడ్డంగా ఉన్న సన్నటి బాట పట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఒక సెప్టెంబర్లో ఆ పొలం రైతు బాట మొదట్లో బోర్డు పాతాడు, ఇది నా భూమి, లోపలికి రావద్దని.

మనవాళ్ళు ఏం చేశారో ఊహించండి. ఇంకెవరైనా అయితే పోట్లాడతారు, లేదా దొంగచాటుగా నడుస్తారు. మనవాళ్ళు నా దగ్గర లడ్డూలు కొనుక్కుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఆ రైతు ఇంటికెళ్ళారు. గుమ్మం బయట బూట్లు వరసగా విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, "సర్, ప్లీజ్ కైండ్లీ పర్మిట్ అస్" అన్నారట. ఆయన బిత్తరపోయి ఒక లడ్డూ తిని, సరే, మంచు పడేదాకా నడవండి అన్నాడు. వీళ్ళు యుద్ధం గెలిచినట్టు నేను పిండీ మిఠాయిలూ అమ్మే మా గరాజ్‌కొచ్చి చెప్తుంటే, పిండి కోసం వచ్చిన డాక్టరమ్మగారు అక్కడే ఉన్నారు. అప్పటికి ఆవిడ నాకు రిటైరైన డాక్టరు, పుల్లటి పిండి కావాలనే కస్టమరు, అంతే.

"ఏమని అడిగారు?" అన్నారు.

"పర్మిషన్, ఆంటీ."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు ఆంటీ! చాలా మంచాయన!"

"మంచాయనే. ఎవరి దారికి?"

ఆవిడ డబ్బా కింద పెట్టి, నా వ్యాను అద్దం మీది దుమ్ములో వేలితో గళ్ళు గీశారు. ఈ ప్రాంతాన్ని మొదట్లో గళ్ళుగా కొలిచి పంచినప్పుడు, గడికీ గడికీ మధ్య రోడ్డు కోసం ఒక పట్టీ వదిలారట. చాలాచోట్ల ఆ రోడ్డు పడనేలేదు. రైతులు వాటిని కూడా కలిపి దున్నేసుకున్నారు. దున్నినా అది అందరి నేలే. పిల్లలు నడిచే బాట అలాంటి పట్టీయే. ఆవిడ ఎన్నో ఏళ్ళు ఇక్కడి పల్లెల్లో డాక్టరు కాబట్టి పేషెంట్ల నోటి వెంటే ఈ సంగతి విన్నారు. మర్నాడు ఆ పొలాల లెక్క చూసే పల్లె మునిసిపాలిటీ ఆఫీసుకెళ్ళి కౌంటర్లో అడిగితే, అవును, అది పబ్లిక్ దారే అని వాళ్ళే చెప్పారు. అందులో దాపరికమేమీ లేదు. అడిగినవాళ్ళే లేరు.

"అడిగితే అది ఆయన దయ అవుతుంది. నడిస్తే మీ హక్కు" అన్నారు పిల్లలతో. "రేపట్నుంచి లడ్డూలు మీరే తినండి."

ఈ పట్టుదల ఆవిడకి ఇంగ్లండులో అబ్బింది. పెళ్ళైన కొత్తలో అక్కడొక పల్లెటూళ్ళో ఉద్యోగం. భర్త వేరే ఊళ్ళో చదువు. ఆదివారం వస్తే పలకరించే దిక్కు లేదు. ఒక ముసలి పేషెంటు ఆవిడని నడకకి తీసుకెళ్ళిందట. ఎవరి పొలమో, నిండా గోధుమ. మధ్యలోంచి కాలిబాట. "ఎవరైనా తిడతారేమో" అని ఈవిడ ఆగిపోతే, ఆ ముసలావిడ నవ్వి, ఇది నీది కూడా అందట. అక్కడ ఊరూరా అలాంటి దారులున్నాయి. కొన్ని కాళ్ళకి, కొన్ని గుర్రాలకి కూడా. పొలం ఎవరిదైనా సరే, దారి మాత్రం నడిచేవాళ్ళది.

"ఆ దేశంలో నువ్వెవరు, ఎందుకొచ్చావ్ అని నన్నెవరూ అడగని చోటు ఆ బాటొక్కటే అబ్బాయ్" అన్నారు ఒకసారి. నన్ను అబ్బాయ్ అనేవారు. నాకు అప్పటికే సగం జుట్టు తెల్లబడింది, మిగతా సగం ఊడింది.

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఆవిడ కర్ర పట్టుకుని బయల్దేరేవారు. పిండి డెలివరీ ముగించుకుని నేను కలిసేవాణ్ణి, మొదట్లో తమాషా చూడ్డానికే. ఆవిడ జేబులో ఎప్పుడూ ఒక కత్తెర ఉండేది, బాట మీదికి వాలిన కొమ్మలు కత్తిరించడానికి. ఇంకో జేబులో ప్లాస్టిక్ సంచి, మన పిల్లలు పారేసిన చిప్స్ కవర్లు ఏరడానికి. ఒకడు మూల తిరగడానికి బద్ధకించి పైరు తొక్కుతూ అడ్డంగా వెళ్తే కర్ర అడ్డం పెట్టి ఆపేశారు. "దారి ఎంతో అంతే. అవతలిది ఆయన తిండి." రైతు మీద పోరాడుతూ రైతు పైరుకి కాపలా కాసిన మనిషిని నేను ఈవిడనే చూశాను.

ఆ పట్టీ మీద పక్క ఫారం నుంచి ఒకావిడ గుర్రం మీద వచ్చేది. మొదటిసారి ఎదురైనప్పుడు ఖమ్మం అమ్మాయి ఒకతె కొయ్యబారిపోయింది.

"పక్కకి జరిగి నిలబడు. మాట్లాడు. నువ్వు మనిషివని దానికి తెలియాలి" అన్నారు డాక్టరమ్మగారు.

"ఏం మాట్లాడాలె ఆంటీ?"

"ఏదో ఒకటి!"

"గుడ్ మార్నింగ్ మేడమ్" అంది ఆ పిల్ల, గుర్రంతో. పైనున్నావిడ తనకే అనుకుని గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆ రోజంతా ఆ పిల్లని నేను బతకనివ్వలేదు. డాక్టరమ్మగారు మాత్రం నవ్వలేదు. "సరిగ్గానే చేసింది. దారిలో పక్కకి జరగాలి. దారి వదిలి జరగకూడదు" అన్నారు.

నా వంతు అల్లరి కూడా ఉంది. రైతు బోర్డుకి ఒకరోజు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాను. మర్నాటికి పిల్లలు అలవాటుకొద్దీ దానికి దణ్ణం పెట్టుకుని పొలంలోకి నడుస్తున్నారు, పరీక్షల సీజను మరి. డాక్టరమ్మగారు చూసి, తన స్కార్ఫ్‌తో బోర్డు శుభ్రంగా తుడిచారు.

"బొట్టు పెడితే నీ హక్కేమైనా పెరుగుతుందా?"

"లేదండీ. ఆయన కోపం పెరుగుతుంది."

"ఆయన బోర్డు ఆయన ఇష్టం. మన కాళ్ళు మన ఇష్టం. నడు." అటు తిరిగాక ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వారని నేను ఈరోజుకీ ప్రమాణం చేస్తాను.

నవంబర్లో అసలు గొడవ వచ్చింది. ఆ పట్టీని పబ్లిక్ దారుల్లోంచి తీసేసి తనకి లీజుకివ్వమని రైతు పల్లె కౌన్సిల్లో అర్జీ పెట్టాడు. వాళ్ళు ఓటేస్తే చట్టప్రకారమే దారి పోతుంది. పిల్లలకి మళ్ళీ హైవే, లారీలు. ఆ మీటింగ్‌కి నేనూ వెళ్ళాను. రైతు చెడ్డవాడేమీ కాదు. పెద్ద యంత్రాలు, పట్టీ దగ్గర తిప్పుకోవడం కష్టం అని ఉన్నదున్నట్టు చెప్పాడు. చివర్లో, "వాళ్ళే నా ఇంటికి స్వీట్లు తెచ్చి పర్మిషన్ అడిగారు. వాళ్ళ దారే అయితే నన్నెందుకు అడుగుతారు?" అన్నాడు. నా లడ్డూలే నా ఎదురుగా సాక్ష్యం చెప్తున్నాయి.

డాక్టరమ్మగారు లేచారు. ఇంగ్లీషులోనే అన్నారు, నాకు అర్థమైనంత రాస్తున్నాను. "ఈ పిల్లల ఊళ్ళల్లో పక్కింటి ముందునుంచి వెళ్ళినా ఒక మాట పలకరించి వెళ్తారు. బూట్లు విప్పి మీ గుమ్మంలో నిలబడ్డది అందుకే. అది వాళ్ళ మర్యాద. మర్యాదని ఒప్పుకోలుగా రాసుకోకండి."

రైతు తల దించుకున్నాడు. కౌన్సిల్ పెద్దాయన మాత్రం గడ్డం గోక్కుని, ఎండాకాలం షికారు కోసం దారి ఉంచలేం, చలికాలంలో కూడా నిజంగా అవసరమేనా చూద్దాం, ఏప్రిల్లో తేలుద్దాం అన్నాడు.

బయటికొచ్చాక ఆవిడ అన్నది ఒకటే. "చూద్దాం అన్నాడుగా. చూపిద్దాం."

ఆ చలికాలం నేను మర్చిపోలేను, నా కాలివేళ్ళు అసలే మర్చిపోలేవు. మంచు పడ్డప్పుడల్లా ఆవిడే ముందు. డెబ్భై దాటిన మనిషి, కర్రతో పొడిచి చూసుకుంటూ, పిల్లల బస్సు వేళకి బాట తొక్కి ఉంచేవారు. ఎండాకాలంలో అయితే పావుగంట నడక, అప్పుడు గంట పట్టేది.

"వెనక్కి పోదామండీ, ముక్కు ఉందో లేదో తెలీడం లేదు" అనేవాణ్ణి.

"ఉంది. నాకు కనపడుతోంది. నడు."

"మీకు డెబ్భై దాటాయండీ."

"దారికి ఇంకా ఎక్కువ ఉంటాయి. అది ఫిర్యాదు చేస్తోందా?"

జబ్బు సంగతి నాకు చెప్పలేదు. ఫిబ్రవరిలో అడుగులు నెమ్మదించాయి, మధ్యమధ్య ఆగి ఆకాశం చూసేవారు. నేను మేఘాలు చూస్తున్నారనుకున్నాను. డాక్టరు కదా, ఆవిడకి తెలిసే ఉంటుంది. అయినా ఒక్కరోజు మానలేదు. ఆఖరివారం మాత్రం కిటికీ దగ్గర కూర్చుని నన్ను పంపారు.

మార్చిలో పోయారు. ఏప్రిల్లో కౌన్సిల్ కూర్చుంది.

హాల్లో మన పిల్లలు వెనక వరసల్లో నిండుగా ఉన్నారు. రమ్మంటే వచ్చారు గానీ మాట్లాడమంటే వణికిపోయారు. "అంకుల్, ఇక్కడివాళ్ళ మీద మాట్లాడితే రేపు పీఆర్‌కి ఏమైనా అవుతుందేమో." ఏమీ కాదురా అని చెప్పాను గానీ, వాళ్ళ భయం నాకు తెలియంది కాదు. ఇల్లు దొరక్కపోయినా, ఉద్యోగం దొరక్కపోయినా ఊరంతా ఈ స్టూడెంట్లనే వేలెత్తి చూపిస్తున్న రోజులవి.

పెద్దాయన కాయితం చూసి, అభ్యంతరం చెప్పినావిడ చనిపోయారని విన్నాం, మా సానుభూతి, అన్నాడు. ఆ తర్వాత, "ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు.

ఎవరూ లేవకపోతే ఆవిడ అభ్యంతరం ఆవిడతోనే పోతుంది. చలికాలమంతా తొక్కిన బాట ఆ ఒక్క నిమిషంలో పోతుంది. నేను పక్కకి చూశాను, అలవాటు, పక్కన ఆవిడ ఉంటారని. తర్వాత లేచాను. జీవితంలో నేను చాలామందిని ఏడిపించాను గానీ, ఇంగ్లీషులో ఒక సభని ఏడిపించడం అదే మొదటిసారి.

"సర్, లా నాకు తెలీదు. నేను అక్కడ రోజూ నడుస్తాను. నిన్న నడిచాను. రేపు కూడా నడుస్తాను. మీరు ఓటేసుకోండి, నేను పొద్దున్నే అక్కడుంటాను."

అంతే. సినిమాలోలా అందరూ ఒక్కసారిగా లేవలేదు. ముందు ఒకమ్మాయి లేచి, "మీ టూ. ఎవ్రీ డే" అంది. ఒక కుర్రాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు, ఇద్దరూ లేచారు. తర్వాత కుర్చీలు ఒకటొకటిగా కిర్రుమన్నాయి. ఒక్కరూ "ప్లీజ్" అనలేదు. ఒక్కరూ "కైండ్లీ" అనలేదు. ఆవిడ విని ఉంటే దానికే మెచ్చుకునేవారు.

ఓట్లు దారి వైపు పడ్డాయి, ఒక్క ఓటు తేడాతో. బయట పార్కింగ్‌లో రైతు నా దగ్గరికొచ్చి, "ఆవిడైతే నీకంటే బాగా మాట్లాడేది" అన్నాడు.

"అవును సర్" అన్నాను. జోకు వెయ్యకుండానే వ్యానెక్కాను.

విత్తనాలేసే రోజుల్లో ఆయన యంత్రం పళ్ళు ఆ పట్టీ దగ్గరికి రాగానే పైకి లేచి, దాటాక మళ్ళీ నేలలోకి దిగడం నా కళ్ళతో చూశాను. ఇప్పుడు జూలై. రెండు పక్కలా ఆవాల్లాంటి కనోలా పైరు నడుము దాకా ఎదిగి పూసింది, కళ్ళు చెదిరే పసుపు. మా వీధి చివర నిలబడి చూస్తే బాట కనపడదు. పొద్దున్నే బస్సు వేళకి నల్లటి తలలు, వాటి కింద బ్యాగులు, ఆ పువ్వుల మీదుగా ఒకదాని వెనక ఒకటి తేలుకుంటూ అవతలికి సాగిపోతుంటాయి.