సుంకులమ్మ మేడమ్ మూల కుర్చీ

స్టీలు ట్రేలో నోటి అద్దం పడిన చప్పుడు నాకు మరే చప్పుడుతోనూ కలవదు. మొన్న భోజనాల వేళ దాటాక, కడపలో నేను పాఠాలు చెప్పే దంత వైద్య కళాశాలలో, పళ్ళు పీకే విభాగంలో ఆ చప్పుడు ఖంగుమంది. బయట ఎండ మండిపోతోంది. లోపల ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. మూడో కుర్చీ దగ్గర నిలబడ్డ విద్యార్థిని ఉలిక్కిపడి, "సారీ మేడమ్, చెయ్యి జారింది" అంది. ఆమె కళ్ళ కింద నొప్పుల బామ్ మెరుస్తోంది. ఆ ఘాటు నా దాకా వచ్చింది. చెయ్యి జారిందట! పన్నెండేళ్ళ కిందట కర్నూలులో ఇదే అబద్ధాన్ని ఇదే గొంతుతో నేను చెప్పాను. చెప్పింది సుంకులమ్మ మేడమ్‌కి.

మేడమ్ మా విభాగానికి పెద్ద. కోవెలకుంట్ల వైపు వ్యవసాయదారుల ఇంటి మనిషి. బక్కపలచని ఒళ్ళు, మణికట్లు మాత్రం నాగలి పట్టినవాళ్ళ లాంటివి. ఊరి దేవత పేరు పెట్టుకున్న ప్రొఫెసర్ అని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. నేను ఆదోనిలో కిరాణా కొట్టు నడిపే ఇంటి పిల్లను. ఇంట్లో మొదటి డాక్టరు నేనేనని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఆ గర్వం నాకూ తలకెక్కింది. మేడమ్‌కి అది మొదటి వారంలోనే తెలిసిపోయి ఉంటుంది. నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు, ఎప్పుడూ తిట్టలేదు. "ఏమ్మే, తిన్యావా? పండుకున్యావా?" అని మాత్రం అడిగేది. తిన్నావా అంటే సరే, పడుకున్నావా అని ఏ టీచరైనా అడుగుతుందా అని నాకు చిరాకు.

ఆ ప్రశ్నకు కారణం ఉంది. దంత వైద్యం చదివే పిల్లలకు పగటి నిద్ర ఒక జబ్బులాంటిది. మైనంతో పళ్ళు చెక్కాలి, కట్టుడు పళ్ళు అమర్చాలి, రికార్డులు రాయాలి. ఇవన్నీ హాస్టలు గదిలోనే. మిగిలిన కాస్త సమయాన్ని ఫోను మింగేసేది. అది కూడా నిజమే, దాచడమెందుకు? ఇక పగలు క్లాసులో కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాళ్ళం. క్లాసులో అయితే పర్వాలేదు. పేషెంటు నోట్లో చెయ్యి పెట్టినప్పుడు కూడా రెప్పలు వాలేవి. అందుకే మేడమ్ విభాగం మూలలో ఒక పాత కుర్చీ వేయించింది. దాని పెడల్ విరిగింది, లైటు వెలగదు, రెక్సిన్ చిరిగితే దారంతో కుట్టించారు. నిద్ర వచ్చినవాళ్ళు పైకి చెప్పి, చేతిలోది కింద పెట్టి, ఆ కుర్చీలో ఇరవై నిమిషాలు పడుకోవాలి. ఎవరూ నవ్వకూడదు. ఇదీ ఆమె పెట్టిన నియమం.

ఒకసారి ఆమే పడుకుంది. ఒక ముసలాయన దవడ పన్ను పీకబోతూ ఆగి, పట్టకారు ట్రేలో పెట్టి, అందరికీ వినబడేలా "నాకు నిద్ర వస్తాండాది" అంది. పక్క డాక్టరుకు పని అప్పజెప్పి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని మూల కుర్చీలో ఒరిగింది. రెండు నిమిషాల్లో గురక. మేము నోళ్ళు నొక్కుకుని నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మేమెవరమూ ఆ కుర్చీ ఎక్కేవాళ్ళం కాదు. ఎక్కితే మన పేషెంటు పక్కవాళ్ళకు వెళ్ళిపోతాడు. పరీక్షకు కూర్చోవాలంటే ఇన్ని పళ్ళు పీకినట్టు పుస్తకంలో సంతకాలు ఉండాలి. నాకు ఇంకా కొన్ని తక్కువ. అందుకే నిద్ర ఆపుకోవడానికి కళ్ళ కింద బామ్, జేబులో లవంగాలు, గిల్లుకుని కమిలిన మోచేతులు.

ఆ రోజు నా కుర్చీలో ఈరమ్మ కూర్చుంది. కోసిగి నుంచి వచ్చిన కూలి మనిషి. చెంప వాచిపోయింది. "ఎల్లుండి మిరపకాయలు తెంపనీకి గుంటూరు దిక్కు పోతాండాం తల్లీ. ఈ నొప్పితో యాడ పోదును? ఈ పొద్దే పీకెయ్" అంది. మేడమ్‌కి ఇంకో పద్ధతి ఉంది. పట్టకారు పట్టే ముందు పేషెంటు తన వేలితో ఆ పన్నును ముట్టి చూపించాలి. ఈరమ్మ చూపించింది, ఎడమవైపు కింది పన్ను. మత్తు సూది వేశాను. సగం దవడ మొద్దుబారేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే నా చేతిలోని అద్దం ట్రేలో పడింది. మేడమ్ దూరం నుంచి చూసింది. "ఏమ్మే, నిద్ర వస్తాండాదా?"

"లేదు మేడమ్, చెయ్యి జారింది."

పక్కపక్కన ఉన్న రెండు పళ్ళు. పుచ్చు వెనక వైపు ఉంది, ముందు నుంచి చూస్తే రెండూ ఒకటే. మళ్ళీ వేలితో చూపించమని అడగలేదు. పట్టాను, తిప్పాను, వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో అని సంతోషపడ్డాను కూడా. లైటు కింద పెట్టి చూస్తే ఎక్కడా మచ్చ లేదు. నిండు పన్ను. నా నిద్ర అప్పుడు వదిలింది.

ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పక్కది కూడా పీకేసి, రెండూ పుచ్చినాయని చెబితే? ఆమెకు సగం దవడ తెలియదు. ఎవరు అడుగుతారు? చెత్త డబ్బా నా కాలి దగ్గరే ఉంది. నేను దాని వైపు చూశాను. తల ఎత్తేసరికి మేడమ్ నా పక్కన నిలబడి ఉంది.

"వేరు ముట్టుకోవద్దు. ఇట్ల ఇయ్యి" అంది. అంతే. పన్నును సెలైన్‌లో కడిగి, అది వచ్చిన గుంటలోనే తిరిగి కూర్చోబెట్టి, సన్నని తీగతో పక్క పళ్ళకు కట్టింది. ఆ కట్టుకు ఆసరాగా ఉండాలని పుచ్చిన పన్నును అప్పటికి పీకకుండా, తెరిచి మందు పెట్టింది. ఆ మణికట్లు ఎంత మెత్తగా కదిలాయో చూస్తూ నిలబడ్డాను. అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడు నువ్వు చెప్పు. నేను పక్కనే ఉంటా" అంది.

చెప్పాను. తప్పు పన్ను పీకానని, నిద్ర వచ్చి కూడా దాచానని. ఈరమ్మ నోట్లో దూది ఉంది. అయినా ఆమె అన్న ప్రతి అక్షరం నాకు వినబడింది.

"మీకు నిద్రొస్తే మా పండ్లు పోవల్లనా?"

 ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుందని సిగ్గేసి ఆపుకున్నాను. మేడమ్ అంది: "పోకూడదు తల్లీ, అందుకే మల్లా పెట్టినాం. అతుక్కుంటే నీ అదృష్టం, మా అదృష్టం. రెండు వారాలకు ఈ తీగ తియ్యల్ల. నువ్వు కూలి పోగొట్టుకోని రావద్దు. మేమే వస్తాం. యాడ పని చేస్తారో చెప్పు."

సాయంత్రం నన్ను గదిలోకి పిలిచింది. ఇక చదువు అయిపోయిందనుకుని వెళ్ళాను. మేడమ్ స్టూలు చూపించి కూర్చోమంది. తర్వాత, "దాచింది నీ తప్పు. దాచేట్ల చేసింది నా తప్పు. నిద్రొస్తాండాదని చెప్పినోళ్ళ పేషెంటును పక్కోళ్ళకిస్తే ఎవరు చెప్తారు? నాకు ఇన్నేళ్ళు తట్టల్యా" అంది. మర్నాటి నుంచి నియమం మారింది. మూల కుర్చీలో పడుకున్నవాళ్ళ పేషెంటు వాళ్ళదే. లేచేదాకా ఆ పేషెంటు పక్కన మేడమే స్టూలు వేసుకుని కూర్చునేది. నాకు శిక్ష వేస్తే తేలిపోయేది. తన తప్పు తాను ఒప్పుకుని నన్ను పూర్తిగా కట్టేసింది.

రెండు వారాలకు ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. మేడమ్ దగ్గర చదువుకున్న ఒకాయన క్లినిక్ ఆ మిరప చేల దగ్గర్లోనే ఉంది. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు, పన్ను నిలిచిందా లేదా అని. ఈరమ్మ చేను నుంచి నేరుగా వచ్చింది, చేతులకు మిరప ఘాటు. మేడమ్ వేలితో కదిపి చూసి, నన్నూ కదపమంది. గట్టిగా ఉంది. రూట్ కెనాల్ అనే పంటి వేరు వైద్యం, తీగ తీయడం మేడమ్ చేసింది. ఇక పుచ్చిన పన్ను మిగిలింది. మేడమ్ పట్టకారు నా చేతిలో పెట్టింది. నేను వద్దన్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. అప్పుడు ఈరమ్మ నన్ను ఎగాదిగా చూసి అడిగింది.

"రాత్రి బాగ పండుకున్యావా తల్లీ?"

"పడుకున్నానమ్మా."

"అట్లయితే పీకు" అని తన వేలు తీసి ఆ పన్ను మీద పెట్టింది.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఆమె ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. కానీ కడపకు రాగానే నేను మొదట అడిగింది ఒక పాడైపోయిన కుర్చీ. అది మా విభాగం మూలలో ఉంది.

మొన్న అద్దం జారవిడిచిన ఆ అమ్మాయికి దాన్ని చూపించి, "పేషెంటు నీవాడే, పో" అన్నాను. ఏడుపు మొహంతో వెళ్ళి పడుకుంది. పేషెంటు ఒక ఆటో డ్రైవరు. "ఎంతసేపమ్మా?" అని విసుక్కున్నాడు. ఉన్నమాట చెప్పాను. ఆయన "నిద్రొస్తే నేనూ బండి పక్కకు పెడ్తా లేమ్మా. కానియ్యి" అన్నాడు. నేను స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.

ఈరమ్మ అప్పుడప్పుడు ఒంటిమిట్ట తిరునాళ్ళకు వచ్చినప్పుడు కడపలో దిగి నా దగ్గరికి వస్తుంది. నేను అడగకముందే నోరు తెరిచి, వేలితో ఆ పన్ను ముట్టి చూపిస్తుంది. "నీ పన్ను ఇంగా ఉండాది చూడు" అంటుంది. ఆ తర్వాత నా మొహంలోకి చూసి, ఎన్నేళ్ళయినా మానకుండా, పడుకున్నావా అని అడుగుతుంది. ఆమెకు మాత్రం నేను అబద్ధం చెప్పను.