పరీక్ష నాడు బొట్టు పిలుపు

దూరవిద్యలో డిగ్రీ అంటే ఇంటి పని మానకుండా చదువుకోవచ్చని చెప్పారు. ఆ చెప్పినవాళ్లు ఎన్నడైనా ఇంటి పని చేశారో లేదో నాకు తెలియదు. మొన్నటిదాకా పరీక్షలకు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో పోయేదాన్ని. దారంతా నిలబడినా అక్కడ నిమ్మళంగా కూర్చుని రాసేదాన్ని. ఈసారి చివరి పేపరు ఇంట్లోనే, ఫోన్‌లోనే అన్నారు. మా ఆయన సంబరపడ్డాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టయింది.

మాది రెండు గదుల ఇల్లు. తలుపు తీసి ఉంటే ఎవరైనా వస్తారు, మూసి ఉంటే ఏమైందోనని తప్పకుండా వస్తారు. పరీక్ష నియమాలేమో మా వాడను ఎన్నడూ చూడనివాళ్లు రాసినట్టున్నాయి. కెమెరాలో నా ముఖం ఒక్కటే కనపడాలి, వేరే గొంతు వినపడకూడదు, చూపు తిప్పకూడదు. మూడుసార్లు తప్పు పడితే పరీక్ష మూసేస్తారు. ఈ పేపరు పోతే మళ్లీ ఏడాది ఆగాలి. డిగ్రీ పూర్తయితే జూన్‌లో పంతులమ్మగా చేర్చుకుంటామని కామారెడ్డిలో ఒక బడివాళ్లు మాటిచ్చారు. నా కోసం వాళ్లు ఏడాది ఎందుకు ఆగుతారు?

ఆ రోజు మా ఆయన పనికి పోయాక ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చున్నాను. అత్తమ్మ తలుపు దగ్గరికి వేసి, బయట గడపకు అడ్డంగా కూర్చుంది.

"దేవుడొచ్చినా లోపటికి పంపియ్య. నువ్వు రాయి బిడ్డా," అంది.

మొదటి తప్పు కరెంటు పోయి పడింది. ఫ్యాను ఆగగానే అలవాటుగా పైకి చూశాను, తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. రెండోది టమాటల ఆటో తెచ్చింది. ఆ మైకు అరుపును అత్తమ్మ మాత్రం ఎట్లా ఆపగలదు? పరీక్ష ఇంకా సగం కూడా కాలేదు. చేతులకు చెమట పట్టి ఒక జవాబు మీద నొక్కితే పక్కదాని మీద పడుతోంది.

అప్పుడే వాకిట్లో గాజుల చప్పుడైంది. గాంధారి ఊరి నుంచి, వరసకు నాకు తోటికోడలయ్యే ఆమె, కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చింది.

"కోడలేది చిన్నత్తా? బొట్టు పెట్టి చెప్పి పోత. ఇంక శానా ఇండ్లు తిరగాలె."

"పరీక్ష రాస్తున్నది. మెల్లగ మాట్లాడు," అంది అత్తమ్మ. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ పట్టనంత గుసగుసగానే మాట్లాడుకున్నారు.

"ఒక్క నిమిషం పనే. గిట్ల పెట్టి గట్ల వస్త."

తలుపు కిర్రుమంది. మా దిక్కు బొట్టు పెట్టని పిలుపు పిలుపే కాదు. పెట్టించుకోకుండా పంపితే ఆ ఇంటితో రాకపోకలు తెగినట్టే. పెట్టించుకుందామంటే ఆమె చెయ్యి కెమెరాలోకి రావాలి. ఆగమని అరవలేను, చెయ్యి ఊపలేను. ఆమె మీద, ఆ పెళ్లి మీద, ఎదురుగా ఉన్న ఫోన్ మీద ఒళ్లు మండింది.

"ఆగు. నాకు పెట్టు," అంది అత్తమ్మ.

మా మామయ్య పోయి చాలా ఏళ్లయింది. పిలవడానికి ఎవరు వచ్చినా బొట్టు నాకే పెడతారు. ఆ సమయానికి అత్తమ్మ ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి పోతుంది.

"నీకెట్ల పెట్టాలె చిన్నత్తా? పెండ్లి పిలుపాయె."

"ఏంది, నేను ఈ ఇంటిదాన్ని కాదా? పెట్టు. లోపటికి మాత్రం పోనియ్య."

నా కళ్లలో నీళ్లు తిరిగి ప్రశ్నలు మసకబారాయి. తుడుచుకుంటే చెయ్యి ముఖానికి అడ్డం వచ్చి తప్పు పడుతుందని అలాగే కారనిచ్చాను. కాసేపటికి కుంకుమ భరిణె మూత పడింది. గాజుల చప్పుడు వీధిలోకి పోయింది.

జవాబులన్నీ అందినట్టు తెర మీద కనపడ్డాక లేచి తలుపు తీశాను. అత్తమ్మ ఇటు తిరిగింది. నుదుట ఎర్రటి బొట్టు, ముక్కు మీద రాలిన కుంకుమ. నేను కాపురానికి వచ్చేసరికే మామయ్య లేడు. ఆ ముఖాన బొట్టు చూడటం నాకదే మొదటిసారి.

"మంచిగ రాసినవా?" అని అడిగింది. తల ఊపాను.

"అయితే జర అద్దం తెచ్చియ్యి బిడ్డా. ఎవరన్న తుడుచుకొమ్మనకముందే ఒక్కసారి చూస్కుంట."