మొదటి అడుగు అమ్మకే

ఆయమ్మ ఎడమ తుంటి కుడిదానికన్నా రెండు వేళ్ళు ఎత్తుగా ఉండేది. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చంకనేసుకుని తిరిగితే ఎవరికైనా అలాగే అవుతుందని ఆవిడ అనేది. ఒకసారి ఖాళీ చంకతో వీధిలో నడుస్తూ, బరువు చాలక గోడవైపు ఒరిగిపోయిందని, ఆ తర్వాత ఒంటరిగా ఎక్కడికి వెళ్ళినా చంకలో దిండు పెట్టుకునే వెళ్ళేదని నేను చెబుతుంటాను. దిండు సంగతి ఎవరూ నమ్మరు. తుంటి సంగతి మాత్రం ఆవిణ్ణి చూసిన వాళ్ళందరికీ తెలుసు.

ఆవిడ పని పెద్దాసుపత్రి లాండ్రీలో. రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల ఆకుపచ్చ గౌన్లు అన్నీ అక్కడే ఉతికి, ఆవిరి యంత్రాల కింద నొక్కి, మడతపెట్టి పంపేవారు. పనివాళ్ళలో ముప్పాతిక మంది ఆడవాళ్ళు. వాళ్ళ పిల్లల కోసం వెనకవైపున్న సబ్బుల గది ఖాళీ చేసి చాపలు పరిచారు. అక్కడ పిల్లల్ని చూసుకునేది ఆయమ్మ. ఎన్నిసార్లు కడిగినా ఆ గదిలో సబ్బు వాసన పోలేదు. అక్కడ పెరిగిన పిల్లలు తుమ్మితే నురగ వచ్చేది.

మా కోడలు అక్కడ దుప్పట్లు మడతపెట్టేది. అందుకని మా మనవడూ ఆ గదిలోనే పెరిగాడు. పొద్దున వాణ్ణి దింపడానికి వెళ్ళేవాణ్ణి. గుమ్మం పక్క బల్లమీద ఒక్క నిమిషం కూర్చునేవాణ్ణి. మోకాళ్ళు మళ్ళీ లేవడానికి ఒప్పుకునేసరికి మధ్యాహ్నం దాటేది.

పొద్దున ఆరింటికి ఆ గుమ్మం చూడవలసిందే. తల్లులకు కళ్ళు సగమే తెరుచుకుని ఉండేవి. జడ సగమే అల్లి ఉండేది. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చేవారు. ఆయమ్మ చేతికి పిల్లను అందించేటప్పుడు మాత్రం ఎక్కడినుంచో కాస్త ఓపిక వచ్చేది. కింది పన్ను మొలిచిందని ఒకామె, చప్పట్లు కొట్టిందని ఒకామె చెప్పేవారు. వ్యాను నడిపే అతను తన కొడుకు నాన్నా అని పిలిచాడని మూడు రోజులు వరసగా చెప్పాడు. వాడు చీపురునూ నాన్నా అనే పిలిచేవాడు, నీళ్ళ బకెట్టునూ నాన్నా అనే పిలిచేవాడు. ఆయమ్మ ఆ మాట ఎత్తలేదు. "గొంతు మీదే బాబూ, అచ్చు మీదే" అంది. అతను ఆ రోజు వ్యాను కడిగాడు. అది ఆ సంవత్సరంలో రెండోసారి.

నడక సంగతి మాత్రం వేరు. దానికి ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది.

పిల్లలు మెలకువగా ఉండే సమయమంతా ఆ గదిలోనే గడుస్తుంది గనక, మొదటి అడుగు పడేది దాదాపు ఎప్పుడూ అక్కడే. ఆయమ్మ ఆ మాట తల్లికి చెప్పేది కాదు. సాయంత్రం బిడ్డను అందిస్తూ, "ఇవాళ ఇంట్లో కాసేపు నేలమీద వదులు తల్లీ, ఎత్తుకోకు" అనేది, అంతే. మర్నాడు పొద్దున ఆ తల్లి గేటు దగ్గరనుంచే పరుగెత్తుకొచ్చేది.

"ఆయమ్మా, మావాడు నడిచాడు. మంచం దగ్గర్నించి తలుపుదాకా."

"నిజం చెప్పు." ఆయమ్మ చెయ్యి బుగ్గమీదికి వెళ్ళేది.

"ఒట్టు. ఐదడుగులు. ఆరోదానికి పడ్డాడు."

"ఏడ్చాడా?"

"వాడెందుకేడుస్తాడు, వాళ్ళ నాన్న ఏడ్చాడు గానీ."

అప్పటికి వాడు ఆ గదిలో మూడు రోజులుగా బకెట్లు తన్నుకుంటూ తిరుగుతున్నవాడే. ముప్ఫై ఏళ్ళలో రెండు మూడు వందల మంది తల్లులు ఆ వార్త తెచ్చారు. అన్నిసార్లూ ఆ చెయ్యి బుగ్గమీదికి వెళ్ళింది.

ఎందుకిలా అని ఒకసారి అడిగాను. ఆవిడ కూడా మొదట్లో ఉతికే డ్రమ్ముల దగ్గరే పనిచేసిందట. కొడుకును అప్పటి ఆయా దగ్గర వదిలేదట. ఒకరోజు మోచేతులదాకా నురగలో ఉండగా ఆ ఆయా వచ్చి, నీ కొడుకు నడిచాడే అని కేకేసింది. అందరూ సంతోషించారు. తనూ నవ్వింది. సాయంత్రం ఇంట్లో వాడు మళ్ళీ నడిచాడు, బాగానే నడిచాడు. "కానీ పెద్దాయనా, నా కంచంలో అన్నం ఎవరో ముందే కలిపేసి వెళ్ళినట్టనిపించింది" అంది. 

మిషన్ బడిలో మాకు చదువు చెప్పిన సిస్టర్లు పాపాలను చిన్నవి, పెద్దవి అని రెండు వరసల్లో నిలబెట్టేవారు. ఆయమ్మ అబద్ధాన్ని ఏ వరసలో నిలబెట్టాలో నాకు తేలలేదు.

ఆవిడ గుట్టు బయటపెట్టింది మాత్రం నేనే. మా మనవడు నడిచాడని కోడలు ఇల్లంతా చాటుతుంటే, నోరు ఊరుకోక, "నేను మంగళవారమే చూశానమ్మా" అనేశాను. వారం తిరిగేసరికి లాండ్రీ అంతా తెలిసిపోయింది. చిత్రమేమిటంటే, ఒక్కరూ ఆవిణ్ణి అడగలేదు. ఎప్పటిలాగే వాళ్ళు వార్త తెచ్చారు, ఎప్పటిలాగే ఆవిడ ఆశ్చర్యపోయింది. అది నటన అని వాళ్ళకు తెలుసు. వాళ్ళకు తెలుసని ఆవిడకు తెలియదు.

అలాంటి రోజుల్లో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి కూతురి వంతు వచ్చింది.

ఆ పిల్లను అందరూ మూట అనేవారు. ఎక్కడ పెడితే అక్కడే ఉండేది, ఉతకడానికి వచ్చిన మూటలాగా. ఇరవై నెలలు నిండినా నిలబడలేదు. ఆసుపత్రి డాక్టరు మరికొన్నాళ్ళు చూద్దామన్నాడు. తల్లికి ఆ మాట మింగుడుపడలేదు. రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేస్తే పిల్లల ఎముకలు చూసే పెద్ద డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారు. దానికి నాలుగు రోజుల సెలవు కావాలి. ఇస్త్రీ అమ్మాయి తన పనికి తోడు ఇంకొకరి పని కూడా చేస్తూ ఒక్కొక్క రోజే కూడబెట్టింది. పొద్దున ఆరింటినుంచి రాత్రి ఎనిమిదింటిదాకా నిలబడే ఉండేది. భర్త లారీమీద ఊళ్ళు తిరిగేవాడు. శుక్రవారానికి టికెట్టు కూడా తీసుకుంది.

ఆ వారం సోమవారం, పదకొండు గంటలప్పుడు, మూట చాపమీదనుంచి లేచి నిలబడింది. గోడను పట్టుకోలేదు, ఎవరినీ అడగలేదు. నాలుగు అడుగులు వేసి, బల్ల కోడును పట్టుకుని, ఏమీ జరగనట్టు దాన్ని నాకడం మొదలుపెట్టింది.

ఆయమ్మ నావైపు తిరిగింది. "చూశారా?"

"చూశాను."

"మీరేం చూళ్ళేదు" అంది.

ఆ రాత్రి ఎనిమిదింటికి బిడ్డను అందిస్తూ, ఎప్పటిలాగే, కాసేపు నేలమీద వదలమని చెప్పిందట. నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుంటూ ఇస్త్రీ అమ్మాయి, "ఎక్కడ వదలను ఆయమ్మా, పొద్దున్నదాకా కన్ను తెరవదు. నేనూ అంతే. కంచం ముందు కూర్చుని నిద్రపోతున్నా" అంది. మంగళవారమూ అదే జరిగింది. బుధవారం ఆ అమ్మాయే అడిగింది.

"దీని కాళ్ళు ఏమన్నా కదిలాయా ఆయమ్మా?"

"ఇవాళో రేపో తల్లీ."

ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది. అప్పటికి మూట తొమ్మిది అడుగులు వేస్తోంది.

గురువారం పొద్దున నేను ఉండబట్టలేక, "చెప్పేయరాదూ. ఆ తల్లి భయంతో చచ్చిపోతోంది" అన్నాను.

ఆయమ్మ పాలసీసాలు కడిగి బోర్లించింది. "చెబితే భయం పోతుంది. ఆ మొదటి అడుగూ పోతుంది. మూడు రోజులుగా ఇదే లెక్క పెద్దాయనా, ఎటు తిప్పినా తేలడం లేదు" అంది. తర్వాత మూటను చంకనేసుకుని, "పదండి" అంది.

ఇస్త్రీ హాల్లోకి పిల్లల్ని తేకూడదు. అక్కడ ఆవిరి ఉంటుంది. కానీ పది గంటలకు టీ కోసం యంత్రాలు పావుగంట ఆపుతారు. మేము వెళ్ళేసరికి ఆ అమ్మాయి టీ కూడా తెచ్చుకోకుండా, గోడ పక్క దుప్పట్ల బండికి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. కాళ్ళు వాచి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి. ఆయమ్మ పిల్లను పదడుగుల దూరంలో నిలబెట్టి, "చూడవే, ఇప్పుడు చూడు" అంది.

మూట చుట్టూ చూసింది. యంత్రాల్ని చూసింది. మోకాళ్ళు మడిచి కింద కూర్చుంది. లేపి నిలబెడితే మళ్ళీ కూర్చుంది. నేను గంతులు వేశాను, పిల్లి కూత కూశాను. ఫలితం లేదు. అచ్చం మూటే.

"నడుస్తోంది తల్లీ. సోమవారం నుంచి నడుస్తోంది" అంది ఆయమ్మ. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఆ మాట చెప్పడం అదే మొదలు.

ఇస్త్రీ అమ్మాయి ఆవిడవైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలిగా.

"మీరు మంచివారు ఆయమ్మా. అమ్మలు బాధపడకూడదని నడిచినవాళ్ళని నడవలేదంటారు. అది మాకందరికీ తెలుసు. ఇప్పుడేమో నడవనిదాన్ని నడిచిందంటున్నారు. నాకొద్దు. రేపు రైలెక్కనివ్వండి."

ఆయమ్మ నావైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఆ సిమెంటు నేలలోకి దిగిపోయేవాణ్ణి. ఆవిడ ఒంగి, తడుముకుంటూ, యంత్రం పక్క నేలమీదే చతికిలపడింది. అంతకుముందు ఆవిడ ముసలిదని నాకెప్పుడూ తోచలేదు.

ఒక నిమిషం గడిచిందో రెండు గడిచాయో, ఇస్త్రీ అమ్మాయి తల బండికి ఆని, నోరు కొంచెం తెరుచుకుని, కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోయింది.

అప్పుడు మూట లేచింది. ఆవిరి గొట్టం కింద కారి నిలిచిన నీటి మడుగులో చేతులు ఆడిస్తూ కూర్చున్నదల్లా, ఆ మడుగులోనే నిలబడి, తల్లివైపు బయల్దేరింది. టీ గ్లాసులతో లోపలికొస్తున్న ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయమ్మ లేవబోయింది, తల్లిని లేపుదామని. మోకాళ్ళు సహకరించలేదు. పిల్ల చేరిపోయింది. తడి చేత్తో తల్లి ముక్కు పట్టుకుంది.

ఇస్త్రీ అమ్మాయి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఒళ్ళోకి ఎక్కుతున్న కూతుర్ని చూసి, "ఇదెట్లా వచ్చింది ఇక్కడికి?" అంది.

తన మాటమీద నమ్మకం పోయిందని తెలిసిన ఆయమ్మ నేలవైపు వేలు చూపించింది.

మడుగు దగ్గరనుంచి బండిదాకా, బూడిదరంగు సిమెంటుమీద, తడి పాదాలు. వేళ్ళు ఐదేసి, మడమ గుండ్రంగా, ఒకటి కాస్త వంకరగా. యంత్రాల వేడికి ఆ నేల ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. ఆ అమ్మాయి వేలు చాచి ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే, అటు చివరివి అప్పటికే ఆరిపోతున్నాయి. పదకొండు దాకా లెక్కపెట్టింది. మిగిలినవి అందలేదు.

తల ఎత్తి, "మొదట ఎప్పుడు?" అంది.

"సోమవారం, పదకొండింటికి."

"ఎన్ని?"

"నాలుగు."

"ఏడ్చిందా?" ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని అడిగింది, అక్కడెక్కడో చూస్తున్నట్టు.

"అదెందుకేడుస్తుంది, ఈ పెద్దాయన ఏడ్చాడు గానీ."

అది ఆయమ్మ చెప్పిన అబద్ధాల్లో ఒకటని మీరనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

గంట కొట్టారు. యంత్రాలు మొదలయ్యాయి.

శుక్రవారం ఇస్త్రీ అమ్మాయి రైలెక్కలేదు, పనికీ రాలేదు. నాలుగు రోజులూ నిద్రపోయిందని, మూట ఆమె చుట్టూ ప్రదక్షిణం చేసిందని అంటారు. మంగళవారం పొద్దున మాత్రం అందరికన్నా ముందే గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆయమ్మా, నిన్న మా మూట ఇంటి మెట్టు దిగింది. రెండు చేతులూ వదిలేసి."

ఆయమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. చెయ్యి బుగ్గమీదికి పోలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, అసలు ఆశ్చర్యం వచ్చేసరికి ఎటు పోయిందో తెలియదు. పిల్లను అందుకోవడానికి చేతులు చాచి, ఆ చాచిన చేతులతోనే, "మళ్ళీ చెప్పు తల్లీ" అంది.