కాయ కింద జానెడు గడ్డి

కారులో పడుకోవడానికి ఒక పరుపు కొనాలని మూడు వారాలపాటు ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఆమాత్రం పరుపు ఎంచుకోలేనా అనుకున్నాను. ఎంచుకోలేకపోయాను. ఎందుకు ఎంచుకోలేకపోయానో తెలుసుకోవడానికి మాత్రం పరుపు కంటే చాలా వెనక్కి వెళ్లవలసి వచ్చింది.

మా ఆవిడకి అరకు వెళ్లాలని పెళ్లయిన కొత్తలోనే కోరిక. పెద్ద కోరికేమీ కాదు. కొండల మీద పొగమంచు కదలడం చూడాలి, ఆ చలిలో నిలబడి వేడి టీ తాగాలి, అంతే. అక్కడ మంచు పడే నెలల్లోనే ఇక్కడ నూజివీడులో మా మామిడితోట పూతకొస్తుంది. పూత మీదున్న తోటను వదిలి ఏ రైతు కదులుతాడు? "వచ్చే ఏడు చూద్దాంలే" అనడం నాకు అలవాటైంది. విని ఊరుకోవడం ఆవిడకి అలవాటైంది. ఈ ఏడు పూత మీదే తోటను ఒక వ్యాపారికి ఇచ్చేశాం. మందు కొట్టించడం, కాపలా, కోత అన్నీ ఇక ఆయనవే. చెప్పడానికి నా దగ్గర సాకు మిగల్లేదు.

అయితే ఈలోగా ఆవిడ నడుము పాడైంది. పరుపు కుంగితే ఒక నొప్పి, నేల గట్టిగా ఉంటే ఇంకో నొప్పి. చలి తగిలిందంటే మూడు రోజులు వంగలేదు. లాడ్జీలో దిగితే మంచు చూడటానికి చీకటితోనే లేచి కొండకి ప్రయాణం కట్టాలి, అది ఆవిడ వల్ల కాదు. అందుకని కారు వెనక సీట్లు మడిచి, అందులోనే పరుపు వేసుకుని, కొండ అంచున ఆపుకుని పడుకుంటే కళ్లు తెరవగానే మంచు ఎదురుగా ఉంటుందని నేను ఆలోచన చేశాను. ఆవిడ కాదనలేదు. ఒక్క షరతు పెట్టింది.

"ముందు మన తోటలో ఒక రాత్రి పడుకుని చూద్దామండీ. పొద్దున్నే నా అంతట నేను లేచి నిలబడగలిగితే వెళ్దాం. నడుము పట్టేసిందా, ఇంక అరకు మాట ఎత్తొద్దు. ఆశ పెట్టుకుని మానుకునే ఓపిక నాకింక లేదు."

ఆ చివరి మాట నాకు కాస్త గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడు ఆగి ఆలోచించడం నా స్వభావం కాదు, పనిలో పడిపోవడం నా స్వభావం. దొరికినవాటిలో అన్నిటికంటే మందమైన గాలిపరుపు తెప్పించాను. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాల్లో ఆర్ విలువ అని ఏదో ఒక అంకె మాటిమాటికీ వచ్చింది. కింద నుంచి చలి రాకుండా పరుపు ఎంత అడ్డుకుంటుందో ఆ అంకె చెబుతుందట. అమ్ముకునేవాళ్ల కబుర్లలే అని దాటేశాను.

పంపుతో గాలి కొడుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఇందులో ఏముందండీ?"

"గాలి."

"ఉత్త గాలేనా?"

"గాలి అధమ వాహకం. వేడిని పోనివ్వదు. పదో తరగతి పిల్లల్నడిగినా చెబుతారు."

"కాయలు మాగేసేటప్పుడు కింద ఉత్త గాలి ఉంచితే మాగుతాయేంటండీ?"

"నువ్వూ, నీ మామిడికాయలూ" అని నవ్వాను. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ఆ సామెతను క్లాసులో వివరించి చెప్పినవాణ్ణే.

పుష్యమాసపు చలిలో తోటలో కారు పెట్టుకుని పడుకున్నాం. పైన రెండు రగ్గులు కప్పుకున్నాం. తెల్లవారాక నాకు మెలకువ వచ్చేసరికి వీపు కింద చన్నీళ్ల బిందె పెట్టినట్టుంది. పక్కన ఆవిడ లేదు. ముందు సీట్లో శాలువా కప్పుకుని నిటారుగా కూర్చుని ఉంది. ఎప్పటినుంచి అలా కూర్చుందో చెప్పలేదు. రెండు చేతులూ పట్టుకుంటే తప్ప కారు దిగలేకపోయింది.

"ప్రయత్నం చేశాం కదండీ. పోనివ్వండి" అంది.

తిట్టినా బాగుండేది. తిట్టకపోయేసరికి నాకే కోపం వచ్చింది. తప్పు నాదని తెలిసినప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది.

"నీకు ఎక్కడ పడుకున్నా నొప్పే. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు. నిజంగా నిద్రొస్తే ఇవేవీ తెలియవు" అన్నాను.

ఆవిడ శాలువా సర్దుకుంది. "ఈ మాట మీరు నాతో అనడం ఇది రెండోసారి."

"మొదటిసారి ఎప్పుడన్నాను?"

"మాగేసే గదిలో పడుకునేదాన్ని కదా, అప్పుడు. ఒక పరుపు తెప్పించమని అడిగితే."

నాకు గుర్తు లేదు. ఆ గది మాత్రం గుర్తుంది. కాయలు పచ్చివిగానే మండీకి తోలడం మొదలుపెట్టక ముందు చాలా ఏళ్లు మేమే కోసి, మేమే మాగవేసి అమ్మేవాళ్లం. తోటలోనే రేకుల గది, దానికి సిమెంటు గచ్చు. గచ్చు మీద జానెడు మందాన వరిగడ్డి పరిచి, దాని మీద బంగినపల్లి కాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పేవాళ్లం. కింద గడ్డి పలచబడిన చోట కాయ సగం పండి, సగం పచ్చిగా ఉండిపోయేది. లోపల వేడి పుట్టి పండు వాసన తేలేదాకా గడ్డి కదపకూడదు. తొందరపడి తీసి చూశామా, గాలి తగిలి మాగడం ఆగిపోతుంది. ఎలకలు పడకుండా చూడాలి, తెల్లారగానే మాగినవి ఏరాలి కనుక సీజనంతా ఆవిడ ఆ గదిలోనే పడుకునేది. నేను బయట చెట్ల కింద నవారు మంచం వేసుకుని గాలికి పడుకునేవాణ్ణి.

"నువ్వు దేని మీద పడుకునేదానివి?" అని అడిగాను. ఇన్నేళ్లకి అడిగాను.

"చాప మీద. కాయలకి పరిచాక గడ్డి మిగిలితే నేనూ వేసుకుందామనుకునేదాన్ని. మిగిలేది కాదు."

"వేసవి కదా."

"అప్పుడూ అదే అన్నారు. గచ్చుకి వేసవేంటండీ. తెల్లారేసరికి ఒంట్లో ఉన్న వేడంతా లాగేసేది. పైన ఎంత కప్పుకుని ఏం లాభం? కాయకైనా మనిషికైనా వెచ్చదనం పోయేది కింద నుంచే."

ముప్పై ఏళ్లు బోర్డు మీద ఉష్ణవహనం అని రాసి, వేడి వస్తువు నుంచి చల్లని వస్తువు వైపు బాణం గుర్తు గీశాను. ఆ బాణం ప్రతి వేసవిలో మా ఆవిడ నడుములోంచి గచ్చులోకి దిగుతోందని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నిలిచిన గాలి అధమ వాహకమే కానీ, పెద్ద సంచిలో పోసిన గాలి నిలవదు, లోపలే తిరిగి వేడిని కిందికి మోసుకుపోతుంది. గడ్డి ఆ గాలిని చిన్న చిన్న ముక్కలుగా పట్టి కదలనివ్వదు. ఇదంతా నాకు పాఠంగా తెలుసు, ఆవిడకి ఒంటితో తెలుసు. నాకు చాలా సిగ్గేసింది. క్షమించమని అడగాలనిపించింది. మా ఇళ్లలో మొగుళ్లకి ఆ మాట నోటికి రాదు, నాకూ రాలేదు.

"ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి పరుపు నువ్వు ఎంచు" అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు రోజుల తర్వాత, "విజయవాడ ఎప్పుడెళ్దాం" అని తనే అడిగింది.

కొట్లో ఆవిడ మందం చూడలేదు, రంగు చూడలేదు. ఒక్కో పరుపునీ కొట్టు గ్రానైటు నేల మీద పరిపించి, దాని మీద కదలకుండా కూర్చుంది. కొట్టాయన కాసేపు ఓపిక పట్టి, "ఇంతసేపు ఎవరూ కూర్చోరండి" అన్నాడు. "చలి వెంటనే తెలియదండీ, ఆగాలి" అంది. లోపల స్పాంజి ఉండి, మూత తిప్పితే తనంతట తనే గాలి పీల్చుకునే పరుపు మీద పావుగంట కూర్చుని, చెయ్యి కిందపెట్టి తడిమి, తల ఊపింది. దాని చీటీ మీద ఆ ఆర్ అంకె నా గాలిపరుపుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. ఆ సంగతి నేను పైకి చదవలేదు.

రెండో పరీక్ష రోజు సాయంత్రం ఆవిడ రాకముందే తోటకి వెళ్లాను. నా కారులో ఎవరూ మట్టికాళ్లతో ఎక్కకూడదు, జంతికలు తినకూడదు, మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కారు వెనక భాగం నిండా వరిగడ్డి పరిచాను. జానెడు ఉందో లేదో చేత్తో కొలిచాను. దాని మీద గోనెపట్టా, పట్టా మీద పరుపు, పరుపు మీద బూరుగుదూది బొంత.

ఆవిడ వచ్చి డిక్కీలోకి తొంగిచూసింది. "కారునిండా ఈ గడ్డేంటండీ? పరుపు సరిపోతుంది కదా."

"కాయలకి పరవగా మిగిలింది" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పమిట చెంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులు బయటే విడిచి, కారెక్కింది.

పొద్దున నేను ముందు లేచాను. ఇది మా కాపురంలో జరగని పని. ఆవిడది ఎప్పుడూ మాగన్ను నిద్రే, ఎలక కదిలితే లేచే అలవాటు అప్పటిదే కాబోలు. చప్పుడు కాకుండా దిగి, పూతవాసనలో అటూ ఇటూ తిరిగాను. మంచు పట్టి ఉంది. ఏడున్నరకి వ్యాపారి మందు కొట్టే ఇంజను ట్రాలీ మీద వేసుకుని వచ్చాడు. చెయ్యి అడ్డంపెట్టి ఆపాను.

"ఇవాళ ఆ చివర్నుంచి మొదలుపెట్టండి."

"ఏమైందండీ? కారులో ఏంటి?"

"కాయ మాగేశాం. ఇంకా గడ్డి కదపకూడదు."

ఆయన అద్దంలోంచి లోపలికి చూసి, ఇంజను ఆ చివరికి తోలించుకుపోయాడు.

ఎనిమిది దాటింది, మంచు విడిపోయింది. లేపుదామా అని రెండుసార్లు తలుపు మీద చెయ్యి వేసి రెండుసార్లూ తీసేశాను. ఎండ అద్దం మీద పడ్డాక ఆవిడ తనే లేచి తలుపు తెరిచింది. కాళ్లు కిందికి దించి, అలవాటుగా నడుము మీద చెయ్యి పెట్టుకుని నొప్పి కోసం ఆగింది. నేను దగ్గరికి వెళ్లలేదు, చెయ్యి ఇవ్వలేదు. అదే మా షరతు.

ఆవిడ లేచి నిలబడింది. జుట్టులో రెండు గడ్డిపోచలున్నాయి.

"అరకు వెళ్లాలంటే రాజమండ్రి మీదుగా వెళ్లాలాండీ?" అంది.